కృప, కూలి, మొక్కుబడి

జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) మీద చర్చ జరిగిన చోటల్లా ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. కరువుకాలంలో ఊరు విడిచి కాలువ పనికి పోయిన శివయ్య, సైమన్ అయ్యాడు గదా, అతడు నమ్మి అయ్యాడా, అన్నం కోసం అయ్యాడా? ఈ ప్రశ్న వేసేవారిలో మతం పట్ల గౌరవమున్న పెద్దలూ ఉంటారు, మతమంటే గిట్టని మన మిత్రులూ ఉంటారు. మొదటివారికి అందులో మోసం కనిపిస్తుంది. రెండోవారికి అమాయకత్వం కనిపిస్తుంది. అయితే ఇద్దరూ ఒక విషయాన్ని చర్చకు ముందే ఒప్పేసుకుంటున్నారు. నిజమైన భక్తికీ కడుపుకీ సంబంధం ఉండరాదన్నదే ఆ విషయం. ఈ కొలబద్ద ఎక్కడ తయారయింది, దీన్ని ఎవరి మీద వాడుతున్నాం, ఎవరి మీద వాడకుండా వదిలేస్తున్నాం అన్నది విమర్శకులు ముందుగా అడగవలసిన ప్రశ్న. క్రైస్తవ వేదాంతంలో కృప, క్రియలు అనే వివాదం రెండువేల ఏళ్ళుగా నడుస్తూ వస్తోంది. మనిషి దేవుడి దయ వల్ల గట్టెక్కుతాడా, తాను చేసిన మంచిపనుల వల్లా అన్నది ఆ వివాదం. అది పాస్టర్ల గొడవ, మనకెందుకు అని తోసిపుచ్చితే తెలుగునేల మీద ఒక పెద్ద జనసమూహం జీవితం మనకు సగమే అర్థమవుతుంది.

కొలబద్ద వాడకుండా వదిలేసినవారి సంగతి ముందు చూద్దాం. పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు సొమ్ము భద్రాచలం గుడికి ఖర్చుపెట్టి గోలకొండ చెరలో పడ్డాడు. అక్కడినుంచి రాముడికి వినిపించిన కీర్తనల్లో ఒకదానిలో ఏ నగకు ఎంత పెట్టిందీ వరసగా లెక్క చెప్పి, ఇంత చేయించుకుని ఇప్పుడు నన్ను పట్టించుకోవా అని నిలదీస్తాడు. దీన్ని నిందాస్తుతి అని మనం పిల్లలకు పాఠం చెబుతున్నాం. నేనూ అలాగే చెబుతున్నాను. భక్తుడి చనువు అంటాం, ఆర్తి అంటాం, బేరం అని మాత్రం అనం. తిరుమల వెంకన్న కుబేరుడి దగ్గర చేసిన పెళ్ళి అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నాడన్న కథను చిరునవ్వుతో చెప్పుకుంటాం, వడ్డికాసులవాడని ముద్దుగా పిలుచుకుంటాం. పరీక్ష గట్టెక్కితే తలనీలాలిస్తానని మొక్కుకున్న ఉద్యోగస్తుడి కొడుకు భక్తిని ఎవరూ శంకించరు. విజయవాడ గుణదలలో 1924 నుంచి వెలసిన మేరీమాత కొండ దగ్గర ఫిబ్రవరి ఉత్సవాల్లోనూ తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. అక్కడికి వచ్చేవారిలో క్రైస్తవులు కానివారూ ఎందరో ఉంటారు. మొక్కుబడికి మతం సరిహద్దు లేదన్నమాట. కాని ‘బియ్యం కోసం కలిసినవాళ్ళు’, ‘పాలపిండి కోసం కలిసినవాళ్ళు’ అనే ఎత్తిపొడుపు మాత్రం మాలపల్లె వైపు, మాదిగపల్లె వైపు మాత్రమే పోయింది. తహశీల్దారు లెక్క సాహిత్యమయింది. కూలివాడి లెక్క కుటిలమయింది. ఈ తేడాను సాహిత్య విలువల ఖాతాలో వేయలేం.

బైబిలు బేరాన్ని దాచిపెట్టిన గ్రంథం కాదు. అన్న జ్యేష్ఠత్వమూ, తండ్రి దీవెనా కాజేసి పారిపోతున్న యాకోబు బేతేలులో ఒక రాయి తలకింద పెట్టుకుని పడుకుంటాడు. తెల్లవారి లేచి మొక్కుకుంటాడు. నువ్వు నాకు తిండీ బట్టా ఇచ్చి క్షేమంగా ఇంటికి చేరిస్తే నువ్వే నా దేవుడివి, నువ్విచ్చిన దానిలో పదోవంతు నీకిస్తానంటాడు. దశమభాగం గురించి ప్రసంగించేవారు ఈ మాటల్లోని ‘ఇస్తే’ను మెల్లగా దాటిపోతారు. గొడ్రాలని ఎత్తిపొడుపులు తిన్న హన్నా, మగబిడ్డను ఇస్తే ఆ బిడ్డను నీ మందిరానికే ఇచ్చేస్తానంటుంది. యెఫ్తా, యుద్ధంలో గెలిపిస్తే ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు నా గుమ్మంలోంచి ఎదురు వచ్చినదాన్ని బలి ఇస్తానంటాడు. ఎదురు వచ్చింది ఒక్కగానొక్క కూతురు. మొక్కుకున్నది తండ్రి, చెల్లించింది కూతురు. మన ఇళ్ళల్లో మొక్కుబడుల చరిత్ర ఎవరైనా రాస్తే ఈ కథ పక్కన పెట్టి చదువుకోదగిన కథలు చాలానే బయటపడతాయి.

ఇన్ని బేరాల మధ్య, అసలు లాభం లేకుండా భక్తి ఉంటుందా అన్న ప్రశ్నను ఎదురుగా వేసింది యోబు గ్రంథం. యోబు ఊరికే దేవుడికి భయపడుతున్నాడా, చుట్టూ కంచె వేసి కాపాడుతున్నావు గనక భయపడుతున్నాడు గాని, అన్నది ఆ ప్రశ్న. వేసినవాడు సాతాను. శివయ్య గురించి మన సభల్లో వేసే ప్రశ్న ఇదేనని గుర్తుచేస్తే మిత్రులు కోప్పడరనుకుంటాను. ఇంకొకటి కూడా గమనించాలి. ఆ పరీక్ష ఏడువేల గొర్రెలూ మూడువేల ఒంటెలూ ఉన్న ఆసామికి పెట్టిన పరీక్ష. ఉన్నది పోగొట్టుకున్న తర్వాత నిలబడతాడా అని చూడడంలో అర్థముంది. పోగొట్టుకోవడానికి ఏమీ లేనివాడికి అదే పరీక్ష పెట్టి, చూశారా నిలబడలేదు అనడంలో ఏమి అర్థముంది?

ఇక మాటల సంగతి. గ్రీకు మూలంలోని ‘ఖారిస్’కు మన అనువాదకులు ‘కృప’ అని పెట్టారు. ఆ మాటకు అప్పటికే తెలుగు సమాజంలో ఒక వాడుక ఉంది. రాజుగారి కృప, దొరవారి కృప, తమ కృపాకటాక్ష వీక్షణం అని అర్జీల్లో రాసుకున్న జాతి మనది. పైవాడికి ఇష్టమైతే చూపేది, కిందివాడికి అడిగే హక్కు లేనిది కృప. వేదాంతంలో అదెంత ఉదాత్తమైన భావమైనా పాలేరు చెవికి చేరేసరికి దానికి దొరతనపు వాసన అంటుకునే ఉంటుంది. ‘జీతం’ అన్న మాట కూడా అంతే. పాపానికి దక్కే ఫలితాన్ని చెప్పడానికి అనువాదకులు ఆ మాట వాడారు. తండ్రి చేసిన అప్పుకు ఆసామి గొడ్లపాకలో ఏళ్ళతరబడి పడివున్న జీతగాడికి ఆ మాట మీద వ్యాఖ్యానం అక్కరలేదు. జీతమంటే మరణమేనని అతడికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అయితే పౌలు రోమీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయంలో ఒక సంగతి ఉంది. పనిచేసినవాడికిచ్చే జీతం దానం కింద లెక్కకు రాదు, అది అతడికి రావలసిన బాకీ అని పౌలు అంటాడు. దేవుడి దగ్గర మాత్రం మనిషికి రావలసిన బాకీ అంటూ ఏదీ లేదు, దొరికేదంతా ఉచితమే అని చెప్పడానికి ఈ పోలిక తెచ్చాడు. వ్యాఖ్యాతలు రెండో సగం దగ్గర ఆగి వేల పుటలు రాశారు. మొదటి సగాన్ని లోకసహజమని వదిలేశారు. నా దృష్టిలో మొదటి సగానికి ఉన్న బరువు తక్కువది కాదు. కూలి కృప కాదు, కృప కూలి కాదు. ఆ గీత పౌలే గీశాడు. క్రైస్తవ ప్రపంచ చరిత్రలో జరిగిన అనర్థాల్లో ఒక పెద్ద భాగం ఈ గీతను చెరపడం వల్లనే జరిగింది. ఉచితంగా ఇవ్వవలసిన కృపకు ధర కట్టారు. బాకీగా చెల్లించవలసిన కూలిని కృప అని విదిల్చారు. సాహిత్యంలో క్రైస్తవ జీవితాన్ని చదివేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఈ తారుమారు ఎక్కడ జరిగిందన్నదే.

క్రియలు లేని విశ్వాసం చచ్చినదానితో సమానమని వాదించే యాకోబు పత్రికను కూడా ఇక్కడ తలచుకోవాలి. లూథర్ 1522 నాటి తన పీఠికలో దాన్ని గడ్డి పత్రిక అని తేలిక చేశాడు. ఆ పత్రిక ఐదో అధ్యాయం తెరిస్తే, పొలాలు కోసిన కూలీలకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందని ధనవంతులను నిలబెట్టి అడగడం కనిపిస్తుంది. క్రియల మీద పట్టుబట్టిన పత్రికే కూలి ఎగవేతను ఎండగట్టడం కాకతాళీయం అనుకోలేం.

లూథర్‌ను ఆ ఒక్క మాటతో తూచడం అన్యాయం. 1517లో అతడు తిరగబడింది బేరం మీదనే. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్‌బ్రెష్ట్ తన పదవి కోసం ఫుగ్గర్ కుటుంబం దగ్గర అప్పు చేశాడు. పాపాలకు పడవలసిన శిక్ష తగ్గుతుందని చెప్పి ముక్తిపత్రాలు అమ్మగా వచ్చిన సొమ్ములో సగం రోములో సెయింట్ పీటర్ దేవాలయం కట్టడానికీ, సగం ఆ అప్పు తీర్చడానికీ పోయింది. టెట్‌జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి అమ్మాడు. చనిపోయిన తల్లిదండ్రుల ఆత్మశాంతికని పేదవాడు కూడబెట్టిన నాణేలు వడ్డీవ్యాపారి పెట్టెలోకి చేరాయి. ఆ పరిస్థితిలో కృప ఉచితం అనడం వేదాంతమే కాదు, ఆర్థిక నినాదం కూడా. నినాదాన్ని రైతులు నిజంగానే నమ్మారు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, 1525లో, మెమ్మింగెన్ పట్టణంలో పన్నెండు కోరికల పత్రం తయారయింది. అందులో మూడోది చదివి తీరవలసినది. క్రీస్తు చిన్నా పెద్దా తేడా లేకుండా అందరినీ తన రక్తంతో విడిపించాడు, కాబట్టి మేం ఏ ప్రభువుకూ సొత్తు కాము అన్నది దాని సారం. లూథర్‌కు అది మింగుడుపడలేదు. క్రైస్తవ స్వేచ్ఛను ఒంటికి, భూమికి పట్టించడం తప్పన్నాడు. తిరుగుబాటు ముదిరాక రైతులను నరికివేయమని ప్రభువులను ఎగదోశాడు. చనిపోయినవారు లక్ష దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. థామస్ మ్యూంట్‌సర్ తల తీశారు. ఎంగెల్స్ 1850లో ఈ యుద్ధం మీద రాసిన పుస్తకం మన పాఠకులకు కొత్త కాదు. అందులో మతం ముసుగు వెనుక వర్గపోరాటాన్ని ఆయన చూపించాడు. ఎంగెల్స్ వివరణతో నాకు పేచీ లేదు. కాని ఆ ‘ముసుగు’ అన్న మాట దగ్గర మనవాళ్ళు మరీ తొందరగా ఆగిపోతారు. ఆ రైతులు కృపను ముసుగుగా కప్పుకోలేదు. కృప అన్న భావాన్ని లూథర్ కన్నా ఒక అడుగు ముందుకు చదివారు. యోగ్యతతో పని లేకుండా దేవుడు అందరినీ సమానంగా విడిపించి ఉంటే, నడిమధ్య ప్రభువు పెట్టే యోగ్యతా పరీక్ష ఎందుకు నిలవాలి?

ఈ తర్కమే మూడున్నర శతాబ్దాల తర్వాత గుండ్లకమ్మ ఒడ్డున వేరే రూపంలో కనిపిస్తుంది. ‘అంటరాని వసంతం’ కథాస్థలం ఆ చరిత్రే. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి మాదిగపల్లెల్లో మొదట ఆ మతాన్ని వ్యాపింపజేశాడు. చేరేవారికి మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. పైకి చూస్తే ఇవి మామూలు మతాచారాలు. మాదిగపల్లె నిలబడి ఉన్న పునాదితో కలిపి చూస్తే ఇవి ఏమిటో తెలుస్తుంది. చచ్చిన గొడ్డును లాగడం, తోలు ఒలిచి ఆసామికి చెప్పులూ మోకులూ ఇవ్వడం, జాతరకు డప్పు కొట్టడం, పిలిచిన రోజు పిలిచిన పనికి పోవడం, ఇదీ ఊరితో వాళ్ళకున్న ఏర్పాటు. ఆదివారం రాను, డప్పు కొట్టను, చచ్చిన గొడ్డు తినను అన్ననాడు ఆ ఏర్పాటు మూడు వైపులా ఒకేసారి బీటలు వారింది. మిషనరీ దృష్టిలో అవి సత్క్రియలు. ఊరి పెద్దల దృష్టిలో అది సమ్మె. అందుకే దెబ్బలు కొట్టారు, పనులు మానిపించారు. క్రియలు ముఖ్యమా కృప ముఖ్యమా అని సెమినరీల్లో సాగే తర్కానికి మాదిగపల్లెలో ఇటువంటి అర్థం ఒకటి ఉందని వేదాంతులు గుర్తించినట్లు కనబడదు.

తర్వాత 1876-78 కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో కరువు పనులకు వచ్చినవారి కూలిని సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో మగవాడికి రోజుకొక పౌను ధాన్యం, ఒక అణాకు తగ్గించాడు. అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో ధాన్యం ధారాళంగా తెప్పించి దుబారా చేశాడన్న మాట పడ్డవాడు, ఈసారి పొదుపు చూపించుకున్నాడు. ఆకలితో మనిషి ఎంత తక్కువకు పని చేయగలడో తేల్చే బేరం అది. చేసింది సర్కారు. ఆ రోజుల్లో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. నవలలో ఈ కాలువ ఘట్టమే కీలకం. పని కోసం వెళ్ళిన శివయ్యనూ శశిరేఖనూ అంటరానివారని పని దగ్గరకు రానివ్వరు. కరువు వల్ల ఆకలి అందరిదీ అయినా గడ్డపలుగు పట్టే హక్కు అందరిదీ కాలేదు. వాళ్ళను చేరదీసి, అంటరానివారికి పని దొరికే చోటికి తీసుకుపోయేది మార్టిన్. క్రైస్తవుడై ఆ పేరు పెట్టుకున్న సొంత మనిషి.

కనుక ‘అన్నం కోసం కలిశారు’ అన్న మాటలో మొదటి తప్పు లెక్కల తప్పు. కాలువ దగ్గర తిన్న అన్నం భిక్షం కాదు, మన్ను తవ్వి మోసి సంపాదించిన కూలి. పౌలు మాటల్లోనే చెప్పాలంటే అది బాకీ. దాన్ని మిషనరీ కృపగా చెప్పుకున్నవారూ, మిషనరీ ఎరగా ఎగతాళి చేసినవారూ ఇద్దరూ ఆ మనుషుల రెక్కల కష్టాన్ని లెక్కలోంచి తీసేశారు. రెండో సంగతి, కరువు పనులు నడుస్తున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి ఆశతో చేరేవారు చొరబడతారని సుమారు 15 నెలలు ఆపేశాడు. పనులు ముగిసి సాయం ఆగిపోయాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్లౌ నిజాయితీని నేను శంకించడం లేదు. కాని ఆ 15 నెలల నిరీక్షణను ఎవరి మీద పెట్టారో చూడండి. ధనికుడు సంఘంలో చేరుతానంటే నీకు లోపల వేరే ఉద్దేశమేమైనా ఉందా అని పదిహేను నెలలు ఆపిన దాఖలా నాకు తెలిసి ఏ చర్చి చరిత్రలోనూ లేదు. కృప అందరికీ ఉచితమే, మనసు శుద్ధమని రుజువు చేసుకోవలసింది మాత్రం పేదవాడు.

మరి ఆ రెండువేల మంది దేనికోసం వచ్చినట్లు? ఇక్కడ కర్మ సిద్ధాంతాన్ని ఎదురుగా పెట్టుకోకపోతే జవాబు దొరకదు. లోకంలో ఉన్న చిట్టా పుస్తకాలన్నిటిలో పకడ్బందీగా కట్టింది కర్మ. నువ్వు అంటరానివాడుగా పుట్టడం పూర్వజన్మలో చేసిన పనికి కూలి, ఈ జన్మలో నోరెత్తకుండా చేస్తే వచ్చే జన్మలో కూలి పెరుగుతుంది. ఈ లెక్కలో బాకీ ఎప్పుడూ నీ వైపే ఉంటుంది, పుస్తకం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉంటుంది. అటువంటి చోట, దేవుడి దగ్గర ఎవరి యోగ్యతా లెక్కలోకి రాదు అని ఒకడు వచ్చి చెబితే దాని అర్థం జర్మనీలో వేరు, మాదిగపల్లెలో వేరు. యోగ్యత వల్ల కృప రానప్పుడు అయోగ్యత వల్ల ఈ వెలి ఎలా వచ్చింది? జాషువా ‘గబ్బిలం’ (1941) నాయకుడు గుడిలోకి తాను పోలేడు గనక, పోగలిగిన గబ్బిలంతో శివుడికి విన్నపం పంపుతాడు, కర్మ పేరు చెప్పి నోరు మూయించిన న్యాయాన్ని నిలదీస్తాడు. క్రైస్తవుడుగా పుట్టి, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి, తన గొప్ప విన్నపాన్ని కాశీ శివుడి పేర రాయడం కొందరికి వింతగా తోచింది. నాకు తోచదు. చిట్టా ఎవరి దగ్గర ఉందో వారికే గదా అర్జీ పెట్టుకునేది. గోపన్న దగ్గర నగల లెక్కైనా ఉంది. గబ్బిలం మోసుకుపోయే విన్నపంలో ఇచ్చాం కాబట్టి ఇయ్యి అనడానికి ఏమీ లేదు.

నవల వైపు మళ్ళీ వస్తే, ఈ చరిత్రను కళ్యాణరావు చెప్పిన తీరు తెలుగు నవలలో అంతకు ముందు లేనిది. రూతు జ్ఞాపకాలుగా, తరం తర్వాత తరంగా, కళలనూ మతాన్నీ తిరుగుబాటునూ ఒక్క వంశం కథలో పెనవేశాడు. మతం మారడాన్ని లొంగుబాటుగా చూపలేదు. మారాక వచ్చిన కొత్త మోసాలనూ, చర్చిలోకి కూడా పాకిన కులాన్నీ దాచలేదు. ఒక లోటు మాత్రం నాకు కనిపిస్తుంది. నవల ఆకలి లోపలికి వెళ్ళినంత లోతుగా ప్రార్థన లోపలికి వెళ్ళదు. ఆ మనుషులు మోకరించి ఏమడిగారు, అడగడానికి ఏమి సిగ్గుపడ్డారు, అడిగింది దొరకనప్పుడు దేవుడితో ఏమన్నారు అన్నది పాఠకుడు ఊహించుకోవలసిందే. నమ్మకాన్ని లోపలినుంచి చూపితే దాన్ని సమర్థించినట్లవుతుందేమోనన్న జంకు మన వైపు రచయితల్లో ఉంది. ఆ జంకు అక్కరలేనిది.

దాస్తయెవ్‌స్కీ ‘కరమజోవ్ సోదరులు’ (1880)లో ఉల్లిపాయ కథ చూడండి. గ్రూషెంకా నోట చెప్పించాడు. ఒక రైతు స్త్రీ నోట తాను విన్నదేనని రచయితే ఒక ఉత్తరంలో రాశాడు. బతుకంతా ఎవరికీ ఏమీ పెట్టని ముసలిది చనిపోయి అగ్నిసరస్సులో పడుతుంది. ఒకసారి తోటలోంచి పీకి బిచ్చగత్తెకు ఒక ఉల్లిపాయ ఇచ్చిందని ఆమె కావలి దేవదూత గుర్తుచేసుకుంటాడు. ఆ ఉల్లికాడే అందించి లాగమంటాడు దేవుడు. ఆమె పైకి వస్తుంటే తక్కినవాళ్ళూ పట్టుకు వేలాడతారు. ఇది నా ఉల్లిపాయ, మీది కాదు అని ఆమె తన్నుతుంది, కాడ తెగుతుంది. సత్క్రియకూ కృపకూ ఉన్న సంబంధం మీద ఇంతకన్నా సూటిగా రాసిన వేదాంత గ్రంథం నేను చదవలేదు. ఒక్క ఉల్లిపాయ చాలు, అది చిన్నదని ఎవరూ కాదనలేదు. అది ఆస్తి అయిన క్షణాన తెగింది. గ్రాహం గ్రీన్ నవల ‘ద ఎండ్ ఆఫ్ ది అఫైర్’ (1951)లో బేరం మరో రకం. 1944 బాంబుదాడిలో ప్రియుడు చనిపోయాడనుకున్న సారా, ఇతన్ని బతికిస్తే ఇతన్ని వదిలేస్తానని మొక్కుకుంటుంది. అతడు బతికే ఉన్నాడు. తాను నమ్మని దేవుడికి చేసిన మొక్కు ఆమెను కట్టిపడేస్తుంది. మంచి నవలే. అయినా అందులోని మనుషులకు రేపటి భోజనం గురించి చింత లేదు, వాళ్ళ బేరంలో పణం ప్రేమ ఒక్కటే. మన దగ్గర మొక్కుకునేవారికి బిడ్డ జ్వరమూ వడ్డీ వాయిదా ఒకే ప్రార్థనలో వస్తాయి.

నేటి పరిస్థితి గురించి క్లుప్తంగా. ముక్తిపత్రాల వ్యాపారం మాసిపోయిందనుకుంటే పొరపాటు. టీవీ తెర మీద కానుకను ‘విత్తనం’ అంటున్నారు, నాటితే నూరంతలు పంట అంటున్నారు. కాల్విన్ అనుయాయులు తమకు కృప దొరికిందో లేదో తెలియక, వ్యాపారంలో లాభాన్ని గుర్తుగా చూసుకున్నారని మాక్స్ వెబర్ 1904-05లో రాశాడు. ఇప్పుడు గుర్తు కాస్తా సరుకయింది. పంట రాకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. టెట్‌జెల్ కూడా ఇంత తెలివిగా చేతులు దులుపుకోలేదు. రెండో వైపు ప్రభుత్వం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్న దళితుడికి షెడ్యూల్డు కుల హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి తెరిచారు, వీరికి తెరవలేదు. మన రాష్ట్రంలో బీసీ-సి కింద ఒక శాతం ఉంది. నా తరగతుల్లో చర్చిలో ఒక పేరు, హాజరుపట్టీలో ఇంకొక పేరు ఉన్న పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. ఏ పేరుతో పిలవాలో వాళ్ళ కళ్ళు చూసి తెలుసుకుంటాను. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మార్చుకున్నామనడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తీర్పు చెప్పింది. శివయ్య మీద వేసిన ప్రశ్నే ఇప్పుడు న్యాయస్థానపు భాషలో వినిపిస్తోంది. తరతరాల వెలికి పరిహారంగా రావలసినది బాకీ. బాకీ వసూలుకు వచ్చినవాడి విశ్వాసాన్ని తూచడం మొదలుపెడితే అది మళ్ళీ కృప అయిపోతుంది.

మన కథకులకు ఒక మనవి. పల్లెల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో, ఇళ్ళ దగ్గర జరిగే కూటాల్లో ఆడవాళ్ళు లేచి సాక్ష్యం చెబుతారు. అది మనకు బాగా దగ్గరలో ఉన్న, మన విమర్శ ఎప్పుడూ పట్టించుకోని మౌఖిక ప్రక్రియ. దానికొక నడక ఉంది. మొదట కష్టం వస్తుంది. ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చింది, మొగుడు తాగి ఏమి తాకట్టు పెట్టాడు, ఏ ఆసుపత్రిలో ఎంత కట్టమన్నారు, నాట్ల కూలి ఎన్నాళ్ళు ఆపారు అన్నీ అంకెలతో సహా చెబుతారు. తర్వాత మొక్కుబడి. చివర ప్రభువు కృప, స్తోత్రం. పాస్టరుగారు మొదటి భాగం దగ్గర, తొందరగా ముగించమ్మా అన్నట్లు చూస్తారు. మన అభ్యుదయ కథకుడు అదే మొదటి భాగాన్ని మహాసంతోషంగా తీసుకుని చివరి భాగాన్ని కత్తిరించేస్తాడు. నేను విన్న సాక్ష్యాల్లో ఒకావిడ, దేవుడు బిడ్డను బాగుచేశాడని చెప్పి, ఆ వెంటనే ఆసామి ఇంకా పదకొండు రోజుల కూలి ఇవ్వాలని కూడా అదే గొంతుతో చెప్పి కూర్చుంది. మొదటిదానికి అందరూ స్తోత్రం అన్నారు. రెండోదానికి ఏమనాలో ఎవరికీ తోచలేదు. పక్కన కూర్చున్న ముసలమ్మ మాత్రం, పదకొండు కాదే, ఆదివారం పోగా పది అని సరిదిద్దింది.